చెల్లి పెళ్లి చీటీ పాడి రేసింగ్ స్టీరింగ్ కొనొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు. వయసు 27. తణుకులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, చేతికి 34 వేలు వస్తుంది. నాన్నకు కొంచెం కొబ్బరితోట, ఒక చేపల చెరువు ఉన్నాయి. ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్న 16 మందిమి శనివారం రాత్రుళ్లు ‘అసెట్టో కోర్సా’ అనే కంప్యూటర్ రేసింగ్ గేములో పాత టూరింగ్ కార్లతో (మామూలు కార్లను రేసులకు మార్చినవి) సరదాగా ఒక రేసుల సిరీస్ నడపాలనుకుంటున్నాం. బీఎండబ్ల్యూ ఎం3 ఇ30, మెర్సిడెస్ 190ఇ ఎవో 2, ఆల్ఫా రోమియో 155 మూడూ పెట్టాలని ఉంది. కొందరు హైదరాబాద్‌లో, ఇద్దరు దుబాయ్‌లో ఉన్నారు. స్టీరింగ్, పెడల్స్, సీటు, గ్రాఫిక్స్ కార్డు కలిపి నాకు 65 వేలవుతాయి. చెల్లి పెళ్లికని వేసిన లక్ష రూపాయల చీటీ ఉంది. నెలకు 5 వేల చొప్పున 20 నెలలు, ఇప్పుడు అయిదో నెల. పాట పాతిక వేల దాకా వెళ్తోంది. పాడేసుకోనా? అలాగే తలా వెయ్యి వసూలు చేసి, గెలిచినవాళ్లకు 10 వేలు ఇద్దామనుకుంటున్నాం. యూట్యూబ్‌లో పెడితే ఏమైనా వస్తుందా?

జవాబు: సిరీస్ మొదలుపెట్టండి. చీటీ జోలికి వెళ్లకండి. వసూళ్లు, నగదు బహుమతి ఆలోచన మాత్రం ఇవాళే మానేయండి. ముందు దీని గురించే చెబుతాను. మిగతా వాటిలో పోతే డబ్బు పోతుంది, ఇందులో కేసు మెడకు చుట్టుకుంటుంది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ మీద కొత్త చట్టం చేసింది. ఆట నైపుణ్యంతో ఆడేదా, అదృష్టం మీద ఆడేదా అని ఆ చట్టం చూడదు. గెలిస్తే డబ్బో, మరో లాభమో వస్తుందన్న ఆశతో ఫీజు కట్టి ఆడితే అది మనీ గేమే. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్‌కు, అంటే పోటీలుగా జరిపే వీడియో గేములకు, మినహాయింపు ఉంది గానీ దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ కావాలి. స్నేహితుల శనివారం రేసుకు ఆ గొడుగు దొరుకుతుందని అనుకోవద్దు. మన రాష్ట్రమైతే 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. మీరు వసూలు చేసే 16 వేలూ మీ పేరున ఉన్న ఖాతాలోకి, మీ యూపీఐకే వస్తాయి. రేపు ఎవరైనా అడిగితే నడిపింది మీరే అవుతారు.

ఇంకో సంగతి. సంక్రాంతికి బరుల దగ్గర చేతులు మారే డబ్బు చూస్తూ పెరిగినవాళ్లం మనం. పందెం లేనిదే ఆటకు ఊపు రాదన్న మాట మీ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. ‘ఈ వారం మనోడి మీద అయిదొందలు’ అని మెసేజ్ పెడతారు. మొహమాటపడకుండా అక్కడికక్కడే ఆపేయండి. గెలిచినవాడికి ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే మీ జేబులోంచి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి పంపండి.

అసలు ఇంత డబ్బు ఎందుకు పోగుచెయ్యాలి? మీకు నిజంగా ఉన్న ఉమ్మడి ఖర్చు సర్వర్ ఒక్కటే, అంటే అందరినీ ఒకే రేసులో కలిపే కంప్యూటర్. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ గేముతోపాటే వస్తుంది. ఇంట్లో కంప్యూటర్ మీదే నడుపుదామంటే, మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి చేరుకునే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, బయటివాళ్లు కనెక్ట్ కాలేరు. పైగా పాలకొల్లులో కరెంటు పోతే రేసు మొత్తం పోతుంది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది, ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అందుకని ముంబైలోనో బెంగళూరులోనో ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకోండి. నెలకు వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. ఈ నెల ఒకరు, వచ్చే నెల ఇంకొకరు నేరుగా ఆ కంపెనీకే కట్టేయండి. మీ ఖాతాలోకి రూపాయి రాదు, లెక్కలు చెప్పాల్సిన టెన్షనూ ఉండదు. రూపాయల్లో బిల్లు ఇచ్చే కంపెనీని చూసుకోండి. డాలర్లలో కడితే కార్డువాళ్లు మారకం ఛార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తారు.

కారు ఎంపికలోనూ డబ్బు లెక్క ఉంది. మీ ఉత్తరంలో బీఎండబ్ల్యూ ఎం3 ఇ30, మెర్సిడెస్ 190ఇ ఎవో 2, ఆల్ఫా రోమియో 155 మూడూ కావాలని రాశారు. ఎం3 రేసు కారు (‘గ్రూప్-ఎ’ రకం) గేముతోనే వస్తుంది. మిగతా రెండూ విడిగా కొనాలి, అదీ 16 మందీ కొనాలి. మొదటి సీజన్ అంతా ఎం3 ఒక్కదానితోనే నడపండి. ఇమోలా, ముజెల్లో, మోంజా, సిల్వర్‌స్టోన్ కూడా గేములోనే ఉన్నాయి కాబట్టి ట్రాకులకూ ఖర్చుండదు. 1987లో ప్రపంచ టూరింగ్ కార్ల టైటిల్‌ను రొబెర్తో రవాలియా ఈ ఎం3తోనే గెలిచాడు, కాబట్టి తక్కువ కారేమీ కాదు. అందరికీ ఒకే కారు ఉంటే ‘వాడి బండి స్పీడు’ అన్న గొడవా రాదు. నిజం రేసుల్లోనూ కార్ల ఖర్చే ఒక సిరీస్‌ను ముంచింది. 1993 నుంచి జర్మనీ టూరింగ్ కార్లలో ఖరీదైన ఎలక్ట్రానిక్స్ పెరిగి, ఖర్చు భరించలేక ఆల్ఫా, ఓపెల్ కంపెనీలు తప్పుకోవడంతో 1996తో ఆ సిరీసే ఆగిపోయింది. మళ్లీ 2000లో గానీ మొదలవలేదు. గేము ఇంకా కొననివాళ్లుంటే, గేములు అమ్మే స్టీమ్ వెబ్‌సైటులో పండగ డిస్కౌంటు దాకా ఆగమనండి.

ఇక చీటీ. పాతిక వేలకు పాడితే చేతికొచ్చేది 75 వేలు, అందులో చీటీ నడిపేవారి కమీషన్ పోతుంది. పాట డబ్బు 20 మందికీ పంచితే మీ వాటా 1,250 తిరిగొస్తుంది. అంటే పాటలో పోయే 23,750 కలిపితే, కమీషన్ కాకుండానే 65 వేల సామాను మీకు దాదాపు 89 వేలకు పడుతుంది. ఆ తర్వాత ఇంకో 15 నెలలు 5 వేలు కడుతూనే ఉండాలి, పెళ్లికి మాత్రం చీటీ ఉండదు. అప్పుడు రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 2 వేలు వడ్డీకే పోతుంది, ఏడాదికి 24 శాతం. చివరి నెలల్లో పాట బాగా పడిపోతుంది, అప్పుడు ఎత్తుకుంటే లక్షకు దగ్గరగా చేతికొస్తుంది. మీ చెల్లెలి కోసం వేసింది కాబట్టి అప్పటిదాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.

నో కాస్ట్ ఈఎంఐ అని షాపువాళ్లు చెబుతారు. వడ్డీ మేరకు డిస్కౌంటు ఇచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు పడతాయి. చెరువు పట్టుబడి ఎప్పుడు, ఎంతకు అవుతుందో తెలియని ఇంట్లో సరదా కోసం కొత్త ఈఎంఐ పెట్టుకోవడం నాకిష్టం లేదు.

యూట్యూబ్‌ను ఆదాయం కింద రాసుకోకండి. ప్రకటనల డబ్బు మొదలవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ కావాలి. రేసులు రికార్డు చేసి పెట్టుకోండి, చూసేవాళ్లు చూస్తారు.

మొదటి సీజన్ గేమ్‌ప్యాడ్‌తో ఆడండి. అసెట్టో కోర్సా 2014 నాటి గేము, ఒక మోస్తరు కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, సీటు జాబితాలోంచి తీసేయండి. స్టీరింగ్ ఒక్కదానికి ఈ నెల నుంచే నెలకు 2,500తో రికరింగ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి 30 వేలు, పైన వడ్డీ. సీజన్ మధ్యలో వాడిన స్టీరింగ్ ఎవరైనా అమ్ముతుంటే, పెడల్స్ తొక్కి చూసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసి కొనండి. అప్పుడు ఏడాది ఆగాల్సిన పని కూడా ఉండదు.