గ్లూకోజ్ పొడి కాదు, కూర్చోవడమే నిలబెట్టింది

"కణాల్లో గ్లూకోజ్ నుంచి శక్తి ఎలా వస్తుంది, గ్లూకోజ్ పొడి తింటే వెంటనే ఓపిక వస్తుందా" అని అడిగారు. కణంలో జరిగేదాని బొమ్మలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, నేను అలిపిరి మెట్ల సంగతి చెప్తాను.

డిగ్రీ పాసయ్యాక మొక్కు తీర్చుకోవడానికి బాబాయితో నడిచి వెళ్లాను. 3550 మెట్లు. మొదట్లో పోజు కొట్టి రెండేసి మెట్లు ఎక్కేశా, గాలిగోపురం రాకముందే తొడలు భగ్గుమని కూలబడ్డా. బాబాయి అరచేతిలో గ్లూకోజ్ పొడి పోసి "నాకెయ్‌రా, కరెంటు వచ్చేస్తుంది" అన్నాడు. రెండు నిమిషాల్లో లేచిన మాట నిజమే, కానీ ఆ పొడి పేగులు దాటి రక్తంలో కలవడానికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది కదా! (షుగర్ డౌన్ అయినవాళ్ల సంగతి వేరు, వాళ్లు తినాల్సిందే.) నన్ను లేపింది కూర్చోవడమే.

అప్పుడు నా కండరాల్లో గ్లూకోజ్‌కి కరువేం లేదు, గ్లైకోజన్‌గా బోలెడు నిల్వ ఉంటుంది. కరువల్లా టైముకే. గ్లూకోజ్ ముందు రెండు పైరువేట్ ముక్కలవుతుంది, దానికి ఆక్సిజన్ అక్కర్లేదు, చకచకా అయిపోతుంది, కాకపోతే చేతికి మిగిలేది 2 ఏటీపీలే (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి చిల్లర అనుకోండి). అసలు రాబడి ఆ ముక్కలు కణంలోని శక్తి కార్ఖానాల్లోకి, అంటే మైటోకాండ్రియాలోకి వెళ్లాక, ఆక్సిజన్ ఉంటేనే. రెండేసి మెట్లు ఎక్కేవాడు అంతసేపు ఆగడు, కాబట్టి పైరువేట్ లాక్టేట్‌గా (జనం లాక్టిక్ ఆసిడ్ అనేది దీన్నే) మారి పోగుపడుతుంది. కాసేపు కూర్చుంటే అదీ తగ్గిపోతుంది, కొంత కాలేయానికి వెళ్లి మళ్లీ గ్లూకోజే అవుతుంది.

మర్నాటి నొప్పులకీ లాక్టిక్ ఆసిడే కారణమని జిమ్ ట్రైనర్లు తెగ చెప్తుంటారు. శుద్ధ తప్పు, అది గంటా రెండు గంటల్లో పోతుంది. నేను బస్సు క్యూ చూసి భయపడి మెట్ల మీదే దిగాను, కండరాల పోగులు దెబ్బతిన్నది ఆ దిగడంలోనే. మూడు రోజులు మా మేడ మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

ఇంకో కడుపుమంట. ఇంటర్‌లో ఒక గ్లూకోజ్‌కి ఆక్సిజన్‌తో మొత్తం 32 ఏటీపీలు అని రాస్తే మార్కు కోశారు, 38 అనే రాయాలట. ఇప్పటి లెక్క 30 నుంచి 32 మధ్యే. పోనీ ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని ఒక్క ముక్క చెప్పారా? అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనిపెట్టాడు, అదీ లేదు. మైటోకాండ్రియాలో జరిగే చక్రానికి పెట్టిన క్రెబ్స్ పేరు స్పెల్లింగ్ తప్పు రాశానని మాత్రం యాభై సార్లు ఇంపోజిషన్ రాయించారు.