దాతల జీతంతో పనిచేసే నర్సులను ప్రభుత్వం వెంటనే ఎందుకు చేర్చుకోదు?

పేద దేశాల్లో విదేశీ దాతలు జీతమిచ్చే నర్సులను ప్రభుత్వమే తీసుకుంటే సరిపోదా అని అడిగారు. డబ్బు ఒక్కటే అడ్డంకి కాదు, ముందు మంజూరైన పోస్టు ఉండాలి. శ్రీకాకుళంలో జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టుపై పనిచేసేవారిని అడగండి, ఆ మాట బరువు చెబుతారు.

తర్వాతిది జీతం. దాతల ప్రాజెక్టులు తరచూ ప్రభుత్వ స్కేలుకు మించి ఇస్తాయి. అదే జీతంతో చేర్చుకుంటే పాతవారు ఊరుకోరు, తగ్గిస్తే కొత్తవారు నిలవరు. పైగా హెచ్‌ఐవీ కౌన్సెలర్ వంటి కొలువులకు కొన్నిచోట్ల సర్వీసు నిబంధనల్లో పేరే ఉండదు.

ఆఫ్రికా దేశమైన మలావి 2004లో తెలివైన దారి పట్టింది. దాతల డబ్బుతో, ప్రభుత్వ వైద్య సిబ్బందిలో కొన్ని కేటగిరీలకు 52 శాతం అదనపు వేతనం ప్రకటించింది. మనుషులు మొదటినుంచీ సర్కారు పద్దులోనే ఉన్నారు.