పీడీఎఫ్‌లో తెల్ల గీతలు కనిపిస్తే డేటాను అనుమానించకండి

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) వేసిన కాంటూర్ మ్యాప్‌ని (విలువల్ని రంగు పట్టీలుగా చూపే పటం) పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే రంగుల మధ్య సన్నటి తెల్ల గీతలు పడుతున్నాయి, డేటాలో ఏమైనా తప్పుందా అని అడిగారు. లేదండీ, డేటా జోలికి అస్సలు వెళ్లకండి.

మా ల్యాబ్‌లో ఒక జూనియర్ అమ్మాయి బంగాళాఖాతం ఉపరితల ఉష్ణోగ్రతల మ్యాప్ వేసింది. ప్రొజెక్టర్ మీద చూసి గైడ్‌గారు "ఈ గీతలేంటమ్మా, అక్కడ రీడింగ్స్ లేవా?" అన్నారు. పాపం, ఆ టెన్షన్‌లో రాత్రంతా కూర్చుని ఇంటర్‌పొలేషన్ (రీడింగ్స్ మధ్య ఖాళీల్ని లెక్కగట్టి నింపడం) మొత్తం మళ్లీ చేసింది, అయినా గీతలు ఎక్కడివక్కడే. పొద్దున నేను అదే పీడీఎఫ్‌ని జూమ్ చేస్తూ పోయాను. విశాఖ తీరం పక్కనున్న నారింజ పట్టీ స్క్రీనంతా నిండిపోయింది, దాని అంచున తెల్ల గీత మాత్రం వెంట్రుకంత సన్నగా అలాగే ఉంది. నిజంగా అక్కడ ఖాళీ ఉంటే అదీ పెరగాలి కదా! ఈ ఒక్క పరీక్ష చాలు.

జరిగేదేంటంటే, రెండు రంగుల హద్దు ఒక్కోసారి పిక్సెల్ మధ్యలోంచి పోతుంది. అంచు నునుపుగా కనబడాలని వ్యూయర్ (పీడీఎఫ్‌ని తెరిచి చూపే సాఫ్ట్‌వేర్) మొదటి రంగుని సగం పూస్తుంది, మిగిలిన దాంట్లో రెండో రంగుని మళ్లీ సగమే పూస్తుంది, దాంతో వెనకున్న తెలుపు 25 శాతం బయటికి తెలుస్తుంది. ఏ రంగు ఏ విలువో చెప్పే కలర్‌బార్‌లోనూ ఇదే గొడవ, అది వ్యూయర్ల బగ్ అని మ్యాట్‌ప్లాట్‌లిబ్ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు.

కాంటూర్‌ఎఫ్ (రంగు నింపిన కాంటూర్లు గీసే ఫంక్షన్) ఇచ్చిన ఆబ్జెక్ట్‌కి ఎడ్జ్‌కలర్ 'ఫేస్' అని పెట్టండి, అంటే అంచుకీ లోపలి రంగే, పక్కపక్క ముక్కలు కొంచెం ఒకదాని మీదికి ఒకటి వచ్చి సందు మూసుకుపోతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.8 కంటే పాత వెర్షన్ అయితే ఆ ఆబ్జెక్ట్‌లోని కలెక్షన్స్ (ఒక్కో రంగు పట్టీ ముక్కలు) మీద లూప్ వేసి ఒక్కోదానికీ పెట్టాలి. ఆల్ఫా వాడి రంగుల్ని పలచన చేసి ఉంటే మాత్రం ఇది వద్దు, తెల్ల గీతల బదులు ముదురు గీతలు వస్తాయి. పీకలర్‌మెష్ (గళ్లలో రంగు నింపి గీసే ఫంక్షన్) అయితే రాస్టరైజ్డ్ ట్రూ అని ఇచ్చి 300 డీపీఐతో సేవ్ చేయండి, రంగులు బొమ్మగా మారతాయి, అక్షరాలు, యాక్సిస్‌లు వెక్టర్‌గానే (ఎంత జూమ్ చేసినా చెదరకుండా) ఉంటాయి, ఫైలూ తేలికవుతుంది.

దయచేసి స్క్రీన్‌షాట్ తీసి జేపెగ్‌గా మాత్రం అతికించకండి. చాలామంది చేసేది అదే, నాకు ఒళ్లు మండేదీ అక్కడే. జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది, కాబట్టి ప్రతి అంకె చుట్టూ బూడిదరంగు మురికి చేరుతుంది. నెలల తరబడి కష్టపడి చేసిన పనిని అలా చూపించడం ఏం న్యాయం? అవతలివాళ్లు పీడీఎఫ్ తీసుకోం అని అంటే పీఎన్‌జీ ఇవ్వండి.