తొడలో రాడ్ విరిగింది.. లోపలి ముక్కను ఎలా తీస్తారు?

ప్రశ్న: నా వయసు 42. ఏడాది క్రితం బైక్ యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. ఈమధ్య నడిస్తే నొప్పి వస్తోందని ఎక్స్‌రే తీయిస్తే రాడ్ విరిగిందన్నారు. కింది ముక్క కోసం తొడంతా కోస్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: తొడంతా కోయాల్సిన అవసరం సాధారణంగా రాదండి. పై ముక్క తేలికే, తుంటి దగ్గరి పాత గాటులోంచే రాడ్ తలకు ఒక పరికరం బిగించి సుత్తితో వెనక్కి కొడుతూ లాగేస్తారు. సతాయించేది కింది ముక్క. రాడ్ గొట్టంలా బోలుగా ఉంటే పొడవాటి కొక్కేన్ని దాని గుండా దించి, కింది అంచుకు తగిలించి పైకి లాగుతారు. అది పట్టకపోతే సన్నని తీగలు ఒకదాని పక్కన ఒకటి లోపలికి కూరి, అవి బిగుసుకున్నాక వాటితోపాటే ముక్కను తీస్తారు, లేదంటే మోకాలి దగ్గర చిన్న గాటు పెట్టి కింది నుంచి నెడతారు. ఎముకను కోసి తీయడం చివరి మార్గం.

నిజం చెప్పాలంటే మాకు చెమటలు పట్టించేవి రాడ్‌ను ఎముకకు బిగించే స్క్రూలు. తల గాడి అరిగిపోతే స్క్రూడ్రైవర్ ఊరికే తిరుగుతుంది. అప్పుడు ఎడమ మరలున్న పరికరం వాడతాం, అది బిగుసుకునే కొద్దీ స్క్రూ వదులవుతుంది. ఎముకలోనే విరిగిన స్క్రూను బోలు డ్రిల్‌తో చుట్టూ తొలిచి తీయొచ్చు. ఇబ్బంది పెట్టని చిన్న ముక్కయితే వదిలేసినా ఫర్వాలేదు. ఈ సామాను అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, ముందే అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు, రాడ్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ దొరికితే తీసుకెళ్లండి.

అసలు రాడ్ ఎందుకు విరిగిందన్నది మీరు అడగలేదు. ఎముక అతక్కపోతే వేసే ప్రతి అడుగు బరువూ రాడ్ మీదే పడుతుంది, తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు అదీ ఒకరోజు తెగుతుంది. అందుకే ముక్క తీసేస్తే సగం పనే అయినట్టు. ఇన్ఫెక్షన్ ఉందేమో ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చూడాలి, ఆపరేషన్‌లో లోపలి కణజాలం కల్చర్‌కు (క్రిములున్నాయేమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపాలి, కాబట్టి ఈలోగా సొంతంగా యాంటీబయోటిక్స్ మింగకండి. ఇన్ఫెక్షన్ లేకపోతే ఎముక లోపల తొలిచి 1-2 మిల్లీమీటర్లు లావుపాటి రాడ్ అప్పుడే వేసేస్తారు. ఉంటే ముందు దాన్ని తగ్గించాలి, అది ఓపిక పట్టాల్సిన వ్యవహారం. సిగరెట్ అలవాటుంటే ఈరోజే మానేయండి, షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. ఆపరేషన్ అయ్యేదాకా ఆ కాలి మీద బరువు మోపకుండా చంకకర్రలు వాడండి. జ్వరమొచ్చినా, పాత గాటు నుంచి చీము కారినా ఆగకుండా వెళ్లి డాక్టర్‌కు చూపించండి.