ఐమెర్గ్ వాన ఫైలు క్యూజీఐఎస్‌లో అడ్డం తిరిగితే, అంకెలు కలవకపోతే

ఐమెర్గ్ అంటే ఉపగ్రహాల కొలతలతో నాసా తయారుచేసే ప్రపంచ వాన లెక్క, క్యూజీఐఎస్ అంటే మ్యాపులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. వాటి గురించి అడిగిన ప్రశ్న ఇది: “నాసా వాళ్ల ఐమెర్గ్ ఫైలు క్యూజీఐఎస్‌లో తెరిస్తే భూగోళం పక్కకు పడుకుని కనిపిస్తోంది. ఎలాగో సరిచేసి చూస్తే 2023 జులైలో ములుగు జిల్లాలో కురిసిన వానకూ ఇందులోని అంకెలకూ పొంతన లేదు. మంచి ప్లగిన్ ఏదైనా చెప్పగలరా?”

ప్లగిన్, అంటే విడిగా చేర్చుకునే అదనపు పరికరం, అక్కర్లేదు. క్యూజీఐఎస్‌తో పాటే వచ్చే, మ్యాపు ఫైళ్లను మార్చే జీడాల్ పరికరాలు చాలు. ప్లగిన్ ఫైలును తెరిచి పెడుతుందే కానీ లోపలి యూనిట్ ఏమిటో, రోజు ఎన్ని గంటలకు మొదలైందో పట్టించుకోదు. ఉపగ్రహం తప్పు చూపిస్తోందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దిగుమతిలో జరిగిన తప్పులే. అవి మూడే: అక్షాలు, యూనిట్, తేదీ.

ముందు డౌన్‌లోడ్ సంగతి. నాసా డేటా సైటు ఎర్త్‌డేటాలో ఖాతా ఉచితం. కానీ ఖాతా తెరిస్తే సరిపోదు, ప్రొఫైల్‌లోకి వెళ్లి, ఈ వాన ఫైళ్లు ఉండే జెస్‌డిస్క్ డేటా ఆర్కైవ్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫైలు దిగినట్టే ఉంటుంది, తెరిస్తే మాత్రం చెల్లని రాస్టర్ (గడుల రూపంలోని మ్యాపు ఫైలు) అంటుంది. సైజు చూడండి. కొద్ది కిలోబైట్లే ఉంటే మీకు వచ్చింది వాన కాదు, లాగిన్ పేజీ.

ఐమెర్గ్‌లో మూడు రకాలున్నాయి. ఎర్లీ సుమారు 4 గంటల్లో వస్తుంది, లేట్ సుమారు 14 గంటల్లో. ఫైనల్‌కు మూడున్నర నెలలు పడుతుంది, ఎందుకంటే నెలవారీ మొత్తాలను భూమ్మీది వర్షమాపకాలతో సరిచూసి దిద్దుతారు. జరిగిపోయిన వానను లెక్కగట్టేటప్పుడు ఫైనలే వాడండి. వరద కళ్లముందు ఉన్నప్పుడే ఎర్లీ.

ఇప్పుడు అడ్డం తిరగడం. అరగంటకొకటి చొప్పున వచ్చే ఫైలు, ఎన్నో పొరలను ఒకేచోట దాచే హెచ్‌డీఎఫ్5 రూపంలో ఉంటుంది. మామూలు రాస్టర్‌లో అడ్డు వరుస అంటే ఒక అక్షాంశం. ఐమెర్గ్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం రాసి ఉంటుంది. అందుకే 1800 నిలువు వరుసలు, 3600 అడ్డు వరుసలుగా కనిపిస్తుంది. బొమ్మను తిప్పే పరికరాల కోసం వెతక్కండి. తిప్పినా అక్షాంశ రేఖాంశాలు వాటంతట రావు, ఎడమకు బదులు కుడికి తిప్పితే ఉత్తరం దక్షిణమైపోతుంది. ఫైలుకు ఏ గడి ఎక్కడుందో చెప్పడమే సరైన దారి.

ఫైలును రాస్టర్‌గా లాగి వదిలితే లోపలి పొరల జాబితా వస్తుంది. గ్రిడ్ కింద నేరుగా ఉన్న ‘ప్రెసిపిటేషన్’ ఒక్కటే తీసుకోండి. ఇంటర్మీడియట్ కింద ఉన్నవి మధ్యదశ లెక్కలు, వాటి జోలికి పోవద్దు. పాత పాఠాల్లో ఇదే పొర చివర ‘క్యాల్’ అని కనిపిస్తుంది. అది 6వ వెర్షన్ పేరు, 7లో తీసేశారు. ఈ ఒక్క పేరు మార్పుతో ఎన్నో పాత స్క్రిప్టులు ఆగిపోయాయి, వాటిని నేర్పే వీడియోలు మాత్రం అలాగే తిరుగుతున్నాయి.

ఆ పొరను ట్రాన్స్‌లేట్ పరికరంతో వీఆర్‌టీగా సేవ్ చేయండి, ప్రొజెక్షన్ దగ్గర ఈపీఎస్‌జీ 4326 (మామూలు అక్షాంశ రేఖాంశాల కోడు) ఇవ్వండి. వీఆర్‌టీ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో జియోట్రాన్స్‌ఫామ్ ట్యాగ్ ఉంటే దానిలో, లేకపోతే కొత్తగా పెట్టి, ఈ ఆరు అంకెలు కామాలతో రాయండి: -180, 0, 0.1, -90, 0.1, 0. మొదటిదీ నాలుగోదీ మూల బిందువు. మూడోది అడ్డు వరుస మారినప్పుడల్లా తూర్పుకు 0.1 డిగ్రీ జరగమంటుంది, అయిదోది నిలువు వరుస మారినప్పుడల్లా ఉత్తరానికి 0.1 డిగ్రీ జరగమంటుంది. రెండోదీ ఆరోదీ సున్నాలు. ఇవి ప్రపంచం మొత్తం ఉన్న ఫైలుకే. మీరు సైట్‌లోనే ముక్క కత్తిరించి తెచ్చుకుంటే ఆ ముక్క పడమటి అంచు -180 స్థానంలోకి, దక్షిణపు అంచు -90 స్థానంలోకి రావాలి.

తర్వాత వార్ప్, అంటే పొరను మామూలు గ్రిడ్‌లోకి తిరగరాసే పరికరం. రిజల్యూషన్ 0.1, పద్ధతి నియరెస్ట్ నైబర్ (దగ్గరి గడి విలువనే తీసుకునేది), నోడేటా (కొలత లేని గడికి పెట్టే గుర్తు) -9999.9, హద్దులు 76.5 నుంచి 85 తూర్పు, 12.5 నుంచి 20 ఉత్తరం. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇందులో పడతాయి. వచ్చిన పొరలో 85 నిలువు, 75 అడ్డు వరుసలు ఉండాలి. ఒక్కటి ఎక్కువ తక్కువైనా హద్దులు తప్పాయని అర్థం. దాని మీద జిల్లాల పొర వేసి, సముద్రం మీద వాన పట్టీ ఎటు సాగిందో తీరం గీతతో పోల్చుకోండి. ఒక ఫైలుకు వీఆర్‌టీ సరిగ్గా కుదిరితే మిగతా వాటికి అందులో ఫైలు పేరు మార్చుకుంటూ పోవడమే.

ఇక ములుగు. 2023 జులై 27 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. నమోదైంది. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. ఆ ఉదయమే మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగి, జనం ఇళ్లపైకప్పులెక్కారు. ఈ వానను ఉపగ్రహంలో వెతికేవాళ్లు నేరుగా జులై 27 రోజువారీ ఫైలు తెరుస్తారు. అందులో ఆ వానలో కొసరు మాత్రమే ఉంటుంది.

కారణం సులువు. మన వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది, ముగిసిన తేదీ పేరే పెట్టుకుంటుంది. ఐమెర్గ్ రోజు గ్రీనిచ్ అర్ధరాత్రికి, అంటే మన ఉదయం 5:30కి మొదలవుతుంది, మొదలైన తేదీ పేరు పెట్టుకుంటుంది. కనుక మన 27వ తేదీ వానలో 24 గంటలకు 21 గంటలు ఐమెర్గ్ 26వ తేదీ ఫైలులో ఉన్నాయి. 27కి 27ని పోల్చి, ఉపగ్రహానికి వానే కనబడలేదని రాసేయడం ఎంత అన్యాయం!

మిగిలిన 3 గంటలూ కావాలంటే రోజువారీ ఫైలు వదిలేసి అరగంట ఫైళ్లు 48 తెచ్చుకోవాలి. గ్రీనిచ్ కాలంలో 26న 03:00కి మొదలయ్యేది మొదటిది, 27న 02:30కి మొదలయ్యేది చివరిది. ఫైలు పేరులో అర్ధరాత్రి నుంచి గడిచిన నిమిషాలు కూడా ఉంటాయి: మొదటిదానికి 0180, చివరిదానికి 0150. గడి గడికీ లెక్క కట్టే సెల్ స్టాటిస్టిక్స్‌లో నలభై ఎనిమిదీ ఎంచుకుని సమ్ అనండి, తర్వాత రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో 0.5తో గుణించండి. ఫైలులో ఉన్నది గంటకు మి.మీ. వేగం, వ్యవధి అరగంట. గుణించడం మరిచిపోతే వాన సరిగ్గా రెట్టింపు వస్తుంది. 7వ వెర్షన్ రోజువారీ ఫైలులో ఉన్నది రోజు మొత్తమే, దాన్ని గుణించకూడదు.

నోడేటాను సున్నా చేయకండి. వాన లేదనడం వేరు, కొలత లేదనడం వేరు.

ఇన్నీ సరిగ్గా చేశాక కూడా గడిలో 649.8 కనిపిస్తుందని ఎదురు చూడొద్దు. వర్షమాపకం మూతి జానెడు కూడా ఉండదు. ఐమెర్గ్ గడి ఆ అక్షాంశం దగ్గర ఉత్తర దక్షిణాలుగా 11 కి.మీ., తూర్పు పడమరలుగా 10.6 కి.మీ., అంటే దాదాపు 117 చదరపు కిలోమీటర్ల సగటు. పైగా ఉపగ్రహాల్లోని మైక్రోవేవ్ సెన్సర్లు, నేల ప్రాంతాల్లోనైతే, మేఘంలోని మంచు కణాలను పట్టుకునే వానను అంచనా కడతాయి. ఎత్తుకు పోకుండా కిందే కురిసే రుతుపవన మేఘాల నుంచి వచ్చే వాన అంతా వాటికి చిక్కదు. కాబట్టి పోల్చాల్సింది గరిష్ఠాన్ని కాదు, ఆ గడిలో ఉన్న వర్షమాపకాలన్నిటి సగటును.

మీకు తుపాను గంటలు కాక నెలలు, సీజన్లు కావాలంటే ఈ శ్రమంతా ఎందుకు, చిర్ప్స్ అనే మరో వాన డేటా తీసుకోండి. 1981 నుంచి ఉంది, గడి 0.05 డిగ్రీ, స్థానం వివరాలు లోపలే ఉండే జియోటిఫ్ ఫైలు, నేరుగా మి.మీ., అక్షాలు తిన్నగా ఉంటాయి. జీజెడ్ కుదింపు విప్పి, -9999ని నోడేటాగా పెడితే పని అయిపోయింది. దాని రోజువారీ అంకెలను మాత్రం ఇలాంటి కుంభవృష్టికి వాడకండి. అవి అయిదు రోజుల మొత్తాన్ని రోజులకు పంచి ఇచ్చినవి. వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్ 1901 నుంచి ఉంది, బైనరీ రూపంలో తెచ్చుకుంటే దానికి ఐఎండీలిబ్ అనే పైథాన్ లైబ్రరీ వాడండి.

మండలాల వారీ సగటు దగ్గర ఇంకో చిక్కు. చాలా మండలాల్లో ఒకటో రెండో గడులే పడతాయి. మండలం వారీ సగటు తీసే జోనల్ స్టాటిస్టిక్స్ పరికరం, గడి కేంద్రం మండలంలో ఉందా అని చూస్తుంది. ఒక్క కేంద్రమే పడితే, లేదా ఏదీ పడకపోతే, అప్పుడు మాత్రం వైశాల్యం వారీగా లెక్కిస్తుంది. అంటే పక్కపక్క మండలాలకు రెండు వేర్వేరు పద్ధతులు. దీన్ని తప్పించడానికి ముందు వార్ప్‌తో నియరెస్ట్ నైబర్‌గానే 0.01 డిగ్రీకి విడగొట్టండి, విలువలు మారవు, అంచులు సరిగ్గా తూగుతాయి. పక్క గడుల విలువలను కలిపేసే బైలీనియర్ పద్ధతి పెడితే మ్యాపు నున్నగా అందంగా వస్తుంది, అందులో లేని వివరం ఉన్నట్టు చూపిస్తుంది. అలాంటి మ్యాపులు పంటనష్టం చర్చల్లో చేతులు మారుతుంటే బాధేస్తుంది, ఊరి రైతు ఆ రంగును తన పొలం వాన అనుకుంటాడు.

మ్యాపు పక్కన వివరం రాసే లెజెండ్‌లో ‘జులై 27’ అని వదిలేయకండి. “26 ఉదయం 8:30 నుంచి 27 ఉదయం 8:30 వరకు, మి.మీ., ఐమెర్గ్ ఫైనల్ 7” అని పూర్తిగా రాయండి.