పాత బ్రిటిష్ నాణేలు డీలర్‌కా, వేలానికా?

మీ మామయ్య లండన్‌లో ప్రాణంగా దాచుకున్న పాత నాణేల డబ్బా ఎలా అమ్మాలని అడిగారు కదా, ముందు వాటిని తోమకండి! తళతళలాడితే సేకర్తలు మొహం తిప్పుకుంటారు. తర్వాత ఏళ్లు చూసి వేరు చేయండి: 1920కి ముందరి వెండి నాణేల్లో 92.5 శాతం వెండి, 1920 నుంచి 1946 దాకా సగమే, 1947 నుంచి చలామణీ చిల్లరలో అదీ లేదు. అరిగిపోయిన షిల్లింగులకు వేలం దండగ, ఇద్దరు ముగ్గురు డీలర్లను అడిగి తూకం లెక్కన ఇచ్చేయండి. విక్టోరియా రాణి జుట్టు పాయలు కూడా స్పష్టంగా కనిపించే క్రౌన్ (ఐదు షిల్లింగుల పెద్ద వెండి నాణెం) లాంటిది ఉంటే మాత్రం స్పింక్, నూనన్స్ లాంటి వేలం సంస్థలకు చూపించండి, కమిషన్ పోయినా నాకైతే అదే నయమనిపిస్తుంది. ఆమె కాలం నుంచి వచ్చిన బంగారు సావరిన్ నాణేల మీద బ్రిటన్‌లో క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే అమ్మిన లాభం మీద పన్ను, ఉండదు, కాబట్టి వాటికి తొందర పడక్కర్లేదు.