సైట్ లేకపోయినా వేషం లెన్సులకు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్ళాలా?

మీరు అడిగింది ఇదీ: ఇంకో మూడు వారాల్లో స్టేజి మీద దెయ్యం వేషం వేయాలి, కళ్ళు తెల్లగా కనిపించే లెన్సులు ఆన్‌లైన్‌లో చూశారు, మీకు సైట్ లేదు, ఇంతకుముందు ఎప్పుడూ లెన్సులు పెట్టుకోలేదు, డాక్టర్‌తో పని లేకుండా తెప్పించుకుని పెట్టేసుకోవచ్చా అని.

పెట్టుకోకండి. ముందు డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. సైట్ లేని వాళ్ళే ఇంకా ముందు వెళ్ళాలంటాను నేను, ఎందుకంటే అద్దాలు వాడేవాళ్ళకు కళ్ళు చూపించుకునే అలవాటు ఎలాగూ ఉంటుంది, మనకు ఉండదు.

ఈ లెక్కే నేనూ వేసుకున్నాను. ఆరేళ్ళ కిందట ఒక నాటకంలో రాక్షసి వేషం వేశాను. వేషాల సామాను అమ్మే చోట విగ్గులు, కోరపళ్ళ పక్కనే చిన్న గాజు సీసాల్లో ఎర్ర లెన్సులు పెట్టారు. సైజు సంగతి అడిగితే అందరికీ సరిపోతాయన్నారు, తెచ్చేసుకున్నాను. పెట్టుకున్న పది నిమిషాలకే ఎడమ కంట్లో నలుసు పడ్డట్టు ఉంది. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను. ఇంకో రెండు సీన్లే ఉన్నాయి, ఇప్పుడు తీస్తే మళ్ళీ పెట్టుకోవడానికి టైమ్ ఉండదు, మేకప్ పాడవుతుంది, ఇలా ఒక్కో సాకు చెప్పుకుంటూ మొత్తం ఏడు గంటలు ఉంచుకున్నాను. చివర్లో తీద్దామంటే లెన్సు రాలేదు, కంటికి అతుక్కుపోయింది. కుళాయి నీళ్ళు చల్లుకుని గిల్లి లాగాను. ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, లైటు వేస్తే చూడలేకపోయాను, కంటి నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

పొద్దున డాక్టర్ కంట్లో ఏదో రంగు మందు వేసి నీలం లైటుతో చూశారు. కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, దాని మీద గీసుకుపోయిన చోటల్లా ఆకుపచ్చగా మెరిసిందట. మర్నాటికి అక్కడే తెల్లచుక్క కనబడింది, పుండు పడిందన్నారు. మొదటి రెండు రోజులు రాత్రీపగలూ గంటకోసారి చుక్కల మందు వేసుకోవాల్సి వచ్చింది, అలారం పెట్టుకుని లేచేదాన్ని. మానడానికి మూడు వారాలు పట్టింది, మచ్చ మాత్రం పోలేదు. పెద్దవాళ్ళు కంట్లో పువ్వు పడింది అంటారే, అలాంటిదే, కాకపోతే చిన్నది. నాది కంటిపాపకు పక్కగా పడింది కాబట్టి చూపు నిలిచింది, నడిమధ్యన పడి ఉంటే ఎలా ఉండేదో తలుచుకుంటేనే భయమేస్తుంది. రాత్రిపూట ఎదురుగా వచ్చే బండి లైటు ఇప్పటికీ ఆ కంటికి చెదిరిపోయి కనిపిస్తుంది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచే, కన్నీటి పొర ద్వారా అందుతుంది. లెన్సు పెట్టామంటే ఆ దారికి అడ్డం పెట్టినట్టే, పైగా దాని మీద రంగు పొర కూడా ఉంటుంది. సరిపోయిన లెన్సయితే రెప్ప వేసిన ప్రతిసారీ కొద్దిగా కదులుతుంది, కిందకి కొత్త కన్నీరు వెళ్తుంది. బిగుతైతే కదలదు, అతుక్కుంటుంది. వదులైతే జారుతూ గీస్తుంది. గీసుకున్న చోటు నుంచే సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి, అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరిందంటే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను తినేస్తుంది.

సైజు మాట. పెట్టె మీద బీసీ అని ఉంటుంది, అంటే బేస్ కర్వ్, లెన్సు లోపలి వంపు. మెత్తటి లెన్సుల్లో ఇది ఎక్కువగా 8.3 నుంచి 8.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. డయా అంటే లెన్సు వెడల్పు, మామూలుగా 14 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. వేషం లెన్సుల్లో చాలావరకు 8.6 బీసీతో వస్తాయి, అది మీ కంటికి కుదురుతుందో లేదో అద్దంలో చూసుకుంటే తెలియదు. లెన్సు పెట్టి, మైక్రోస్కోపు లాంటి పరికరంలో అది ఎంత కదులుతోందో చూసి చెప్పాలి. డాక్టరైనా, కొలతలు తీసే ఆప్టోమెట్రిస్ట్ అయినా చేసేది ఇదే, పెద్దగా టైమ్ పట్టదు, నొప్పి ఉండదు. వెళ్ళినప్పుడు వేషం కోసం అని దాచకుండా చెప్పండి, మీరు చూసిన లెన్సుల ఫొటో, కొలతలు కూడా చూపించండి. కళ్ళు పొడిబారడం, ఎలర్జీ ఉంటే అదీ చెప్పండి. వాళ్ళు రాసిచ్చే చీటీలో పవర్ 0.00 అని ఉన్నా సరే, బీసీ, డయా, లెన్సు బ్రాండ్, చీటీ గడువు తేదీ ఉండేలా చూసుకోండి. కళ్ళద్దాల చీటీ దీనికి పనికిరాదు, ఆ కొలతలు వేరు.

అమెరికాలో 2005లో చట్టం మార్చి, పవర్ లేని రంగు లెన్సులతో సహా కాంటాక్ట్ లెన్సులన్నింటినీ వైద్య పరికరాల కిందకు తెచ్చారు, అక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు. ఎక్కడున్నా నేను పెట్టుకున్న నియమం ఒకటే: ప్రిస్క్రిప్షన్ అడగని చోట లెన్సులు కొనను.

కొనేటప్పుడు పెట్టె చేతిలోకి తీసుకుని చదవండి, ఆన్‌లైన్ అయితే పెట్టె ఫొటో పంపమనండి. తయారుచేసిన కంపెనీ పేరు, అడ్రసు, బీసీ, డయా, పవర్, గడువు తేదీ, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది), స్టెరైల్, అంటే క్రిములు లేవు అన్న గుర్తు అన్నీ ఉండాలి. సీఈ గుర్తు, అంటే యూరప్ నిబంధనలకు సరిపోయిందని వేసే ముద్ర ఉంటే దాని పక్కన నాలుగంకెల నంబరు కూడా ఉందో లేదో చూడండి, ఊరికే రెండక్షరాలు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవుతుంది. సీసా మూత చుట్టూ ఉండే అల్యూమినియం పట్టీ వదులుగా ఉన్నా, నీళ్ళు తగ్గినట్టున్నా తీసుకోవద్దు. అందరికీ ఒకటే సైజు అని రాసి ఉంటే ఇక మిగతాది చదవక్కర్లేదు, పక్కన పెట్టేయండి. రంగును లెన్సు పొరల మధ్యలో పెట్టారా, పైన పూశారా అన్నది కూడా అడగండి. పైన పూసిన రంగు గరుకుగా తగులుతుంది, రాలుతుంది కూడా.

ఒక్క ప్రదర్శన కోసమే అయితే, మీకు కావలసిన డిజైన్ దొరికే పక్షంలో, ఒక రోజు వాడి పారేసేవి తీసుకోండి. కడగడం, దాచడం గొడవే ఉండదు. ఏడాది లెన్సులంటే ఏడాదిలో ఎప్పుడైనా అని కాదు, సీసా తెరిచిన రోజు నుంచి లెక్క. రెండుసార్లే పెట్టుకున్నాను కదా అని మూడో ఏడు వాడటం కుదరదు.

తెల్ల లెన్సుల్లో ఒక తిరకాసు ఉంది, అమ్మేవాళ్ళు చాలామంది చెప్పరు. కొన్నింటికి మధ్యలో కంటిపాపకు ఎదురుగా చిన్న రంధ్రంలా ఖాళీ ఉంటుంది, కొన్నింటికి అది కూడా లేకుండా సన్నటి జల్లెడలా ఉంటుంది, ఇంకొన్నింటిలో ఏమీ కనబడదు. మీకు మొదటిసారి, పైగా స్టేజి, మెట్లు, వైర్లు. కాబట్టి మధ్యలో ఖాళీ ఉన్నవి మాత్రమే చూడండి. వాటితో కూడా మసక వెలుతురులో ఇబ్బందే, ఎందుకంటే చీకట్లో కంటిపాప పెద్దదై ఆ ఖాళీని దాటిపోతుంది, అప్పుడు చుట్టూ పొగమంచు పట్టినట్టు ఉంటుంది, పక్కనుంచి వచ్చే మనిషి కనబడడు. అందుకని అదే లైటింగ్‌లో, అదే స్టేజి మీద ఒకసారి నడిచి చూసుకోండి. వాటితో బండి నడపడం అనే మాటే వద్దు. తెల్లగుడ్డు కూడా కప్పేసే 22 మిల్లీమీటర్ల పెద్ద లెన్సులు ఫొటోల్లో చాలా బాగుంటాయి, కానీ అవి పెట్టడం, తీయడం అనుభవం ఉన్నవాళ్ళ పని, మొదటిసారికి అస్సలు వద్దు.

ఇక పెట్టుకోవడం. ప్రదర్శన రోజునే మొదటిసారి పెట్టుకోకండి, కనీసం వారం ముందు నుంచి ఇంట్లో, మొదట గంట, తర్వాత రెండు గంటలు, ఇలా డాక్టర్ చెప్పినంత మేరకు అలవాటు చేసుకోండి. గోళ్ళు తీసేయండి. వాసన, జిడ్డు లేని సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోండి, తడి చేత్తో లెన్సు ముట్టుకోవద్దు. కుళాయి నీళ్ళలో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు, అది కంట్లో చేరితే నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది. తాగే నీళ్ళయినా, మరిగించి చల్లార్చినవైనా, ఉమ్మి అయినా లెన్సుకు తగలకూడదు, లెన్సుల కోసమే అమ్మే సొల్యూషన్ ఒక్కటే వాడాలి. నేను ఆ రోజు కుళాయి నీళ్ళు చల్లుకున్నానని చెబితే డాక్టర్ ముఖం మారిపోయింది, ఇప్పటికీ గుర్తుంది.

లెన్సును వేలి మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు ఉన్నట్టు, పళ్ళెంలా బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. చిరుగు, రంగు లేచిన చోటు ఉంటే పారేయండి, ఎంత పోసి కొన్నా సరే. ఒక చేత్తో పై రెప్ప, రెండో చేతి మధ్యవేలితో కింది రెప్ప పట్టుకుని, చూపుడు వేలి మీది లెన్సును నెమ్మదిగా ఆనించండి, కింద చూసి మెల్లగా రెప్ప వేయండి. మొదటి రోజు నాకు ఇరవై నిమిషాలు పట్టింది, టెన్షన్ పడకండి, కన్ను ఎర్రబడితే ఆపేసి మర్నాడు చూడండి. మేకప్ లెన్సు పెట్టుకున్నాకే వేసుకోవాలి, తీసేటప్పుడు ముందు లెన్సు, ఆ తర్వాతే మేకప్. పౌడరు, మెరుపులు, స్ప్రే కళ్ళ దగ్గరికి రానివ్వద్దు.

తీసేటప్పుడు అతుక్కున్నట్టు అనిపిస్తే లాగకండి. లెన్సులకు వాడే తడి చుక్కలు రెండు మూడు వేసి, కొన్ని నిమిషాలు రెప్పలు ఆడిస్తూ ఆగండి, అది కదలడం మొదలయ్యాక కిందికి, తెల్లగుడ్డు మీదకు జరిపి రెండు వేళ్ళ మెత్తటి భాగాలతో పట్టి తీయండి. ఈ ఒక్క సంగతి ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే నా కన్ను అంత గీసుకుపోయేది కాదు.

మళ్ళీ వాడే రకమైతే అరచేతిలో సొల్యూషన్ పోసి రుద్ది కడిగి, డబ్బాలో ప్రతిసారీ కొత్త సొల్యూషన్ నింపాలి, పాతదాని మీదే పోయకూడదు. సెలైన్ కడగడానికే, అది సూక్ష్మజీవులను చంపదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం కొంటే దాని ప్రత్యేక డబ్బాలోనే చెప్పినన్ని గంటలు ఉంచాలి, నేరుగా కంట్లో పెడితే మాడిపోయినట్టు మండుతుంది. డబ్బా మూడు నెలలకోసారి మార్చాలి. లెన్సులతో నిద్రపోవద్దు, ఇన్‌ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుంది. మీ తోటి నటులు ఒక్క సీనుకి ఇవ్వమంటే ఇవ్వకండి, వాళ్ళవి తీసుకోకండి, ఎంత దగ్గరి స్నేహితులైనా.

ఇంకో పని రిహార్సల్ రోజుల్లోనే చేయండి. లెన్సు ఇబ్బంది పెడితే తీసేసి నటిస్తాను అని డైరెక్టర్‌కు ముందే చెప్పి ఒప్పించండి. తెర వెనుక ఒకరి దగ్గర డబ్బా, సొల్యూషన్, అద్దం ఉంచండి. నేను ఆ రోజు లెన్సు తీయకపోవడానికి అసలు కారణం నొప్పి తెలియక కాదు, తీస్తానని అడగడానికి మొహమాటపడ్డాను.

తీశాక కూడా నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక, పుసి పట్టడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్ళండి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. లెన్సులు, డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, ఏ క్రిమి ఉందో వాటి నుంచి పరీక్ష చేయగలుగుతారు. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేసుకోకండి, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్‌ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. కంటికి కట్టు కూడా కట్టుకోవద్దు.

మీకు మూడు వారాలు ఉన్నాయి కాబట్టి ఈ వారంలోనే కళ్ళు చూపించుకుంటే లెన్సులు రావడానికి, అలవాటు చేసుకోవడానికి సరిపోతుంది. నా కన్ను పూర్తిగా మానిన ఏడాదికి డాక్టర్ సరేనన్నాక, కొలిపించుకుని మళ్ళీ పెట్టుకున్నాను, రెండు గంటల్లో తీసేశాను, ఏ ఇబ్బందీ రాలేదు. ఒకవేళ మీ డాక్టర్ వద్దంటే బాధపడకండి. నాలుగైదు వరుసలు దాటి కూర్చున్నవాళ్ళకు లెన్సులు ఎలాగూ సరిగ్గా కనబడవు, ప్రేక్షకుల్లో కూర్చుని నేనే చూశాను. కళ్ళ చుట్టూ గుంతల్లా నల్లటి షేడ్ వేసి, పై రెప్పల మీద కళ్ళకు వాడదగ్గ తెల్ల రంగు వేసుకుని, దెయ్యం తొలిసారి ప్రత్యక్షమయ్యే చోట కళ్ళు మూసుకుని నిలబడి చూడండి, కింద నుంచి లైటు పడితే దూరానికి అవి తెల్లగా తెరిచిన కళ్ళలాగే ఉంటాయి.